డబుల్ మార్కర్‌లో 1:180 వచ్చింది. మేనరికమే కారణమా?

ప్రశ్న (రాజోలు వైపు నుంచి)

మాది గోదావరి పాయ ఒడ్డున ఉన్న లంక గ్రామం. నా భార్యకు 31 ఏళ్లు, ఇది తొలి గర్భం. ఆమె మా మేనమామ కూతురు. పన్నెండో వారం దాటాక అమలాపురంలో ఎన్.టి. స్కాన్ (బిడ్డ మెడ వెనుక నీటిపొర మందం కొలిచేది), డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష చేయించాము. స్కాన్‌లో అంతా బాగుందన్నారు గాని, రక్తపరీక్ష కాగితం మీద డౌన్ సిండ్రోమ్‌కు (21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే స్థితి) ఎదురుగా ఎర్ర అక్షరాలతో ‘1:180, హై రిస్క్’ అని వచ్చింది. మేనరికం చేస్తే ఇంతేనని ఇంట్లో పెద్దలు ఒకరినొకరు నిష్ఠూరమాడుకుంటున్నారు. ఉమ్మనీరు తీయించాలా? మా అత్తయ్యకు కాన్పు సమయంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పాలా?

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు, కాకినాడ)

ఇలాంటి ఫలితం వచ్చిన 180 మంది గర్భిణులలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చునని, 179 మంది బిడ్డలకు ఉండదని ఆ అంకెకు అర్థం. ఇది ముప్పును అంచనా వేసే వడపోత పరీక్ష మాత్రమే, నిర్ధారణ కాదు. ముందుగా ఆ కాగితంలో బిడ్డ పొడవు, ఎన్.టి. కొలత, తల్లి బరువు సరిగా నమోదయ్యాయో లేదో చూడండి, ఎన్.టి. కలపకుండా వయస్సు, రక్తపు విలువలతోనే లెక్క కట్టిన నివేదికలు మా దగ్గరకు తరచుగా వస్తుంటాయి.

తరువాతి మెట్టు ఎన్.ఐ.పి.టి. మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే డి.ఎన్.ఏ. తునకలను చూసే ఈ పరీక్ష డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 వరకు పట్టుకుంటుంది. అందులోనూ ‘ఉంది’ అని వస్తే మాత్రం 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఉమ్మనీరు తీయడం వల్ల గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువే.

అత్తయ్యగారి సంగతి తప్పక చెప్పండి, అదీ ఈ వారమే. బీపీ, గర్భాశయ ధమనుల డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్), పాప్-ఏ (డబుల్ మార్కర్‌లో కొలిచే ఒక ప్రొటీన్) విలువలను కలిపి చూస్తే ఆ ముప్పును ముందే అంచనా వేయవచ్చు. 2017లో వెలువడిన ఆస్ప్రే పరిశోధనలో, ముప్పు ఎక్కువగా ఉన్నవారు 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మి.గ్రా. ఆస్పిరిన్ వాడితే, 37 వారాలలోపే కాన్పు చేయవలసి వచ్చే ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉండగా బీపీ పెరిగే ఈ జబ్బు) 62 శాతం తగ్గింది. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు. వైద్యులు చెప్పకుండా సొంతంగా వాడవద్దు.

జవాబు 2 (భీమవరం నుంచి ఒక తల్లి)

నాకు 1:90 వచ్చింది. కాగితం చేతిలో పెట్టిన వారు ఒక్క మాటైనా వివరించలేదు. ఇంటికి వచ్చి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపాను. ఎన్.ఐ.పి.టి.లో తక్కువ ముప్పు అని వచ్చింది, పాప ఆరోగ్యంగా పుట్టింది. అయినా బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ మానలేదు, ఎందుకంటే గుండె, వెన్నెముక లోపాలను ఆ రక్తపరీక్ష చూడదు.

జవాబు 3 (జన్యుశాస్త్ర అధ్యాపకుడు, రాజమండ్రి)

పెద్దల తగవుకు ఆధారం లేదు. డౌన్ సిండ్రోమ్ చాలావరకు అండం ఏర్పడేటప్పుడు 21వ క్రోమోజోము సరిగా విడిపోకపోవడం వల్ల వస్తుంది. తల్లి వయస్సుతో పెరుగుతుందే గాని మేనరికంతో కాదు. మేనరికం వల్ల పెరిగేది వేరే ముప్పు: భార్యాభర్తలిద్దరిలో ఒకే లోపపు జన్యువు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. తలసేమియా అనే వంశపారంపర్య రక్తహీనత అలాంటిదే. డబుల్ మార్కర్ దానిని చూడదు గనుక, దానికోసం చేసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష గురించి విడిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

కాగితం మళ్లీ చూశాను. ఎన్.టి. గడి ఖాళీగానే ఉంది. స్కాన్ రిపోర్టు పట్టుకుని రేపు ఉదయమే ల్యాబుకు వెళ్తున్నాను. అదే రక్తపు విలువలతో మళ్లీ లెక్క కట్టించి, అటు నుంచే వైద్యురాలి దగ్గరకు వెళ్లి అత్తయ్య సంగతి చెబుతాము.