‘ఫేర్’, ‘ఫౌల్’: అరిస్తే వేరువేరుగా వినబడే తెలుగు మాటలు కావాలి

సభ్యులందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పిల్లలకు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ నేర్పుతాను, పోటీల్లో అంపైరుగా నిలబడతాను. ఆట నియమాలను పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. పది రోజులుగా ఒక జంట మాటల దగ్గర కలం ఆగిపోయింది: ఫేర్, ఫౌల్.

ఆట తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. బ్యాటర్ నిలబడే మూల నుంచి రెండు సున్నపు గీతలు విప్పిన విసనకర్ర అంచుల్లా సాగుతాయి. కొట్టిన బంతి వాటి మధ్య ఉంటే ఫేర్, బయటికి పోతే ఫౌల్. గీతకు తగిలినా ఫేరే. వాలీబాల్‌లో లాగే ఇక్కడా గీత లోపలి లెక్క. బేసు, అంటే పరుగెత్తేవాడు చేరాల్సిన గుర్తు, దాటకుండా దొర్లే బంతి మొదట ఎక్కడ పడిందో చూడం. చివరికి ఎక్కడ ఆగింది, ఎక్కడ ఉండగా ఫీల్డరు తాకాడు అన్నదే చూస్తాం.

నెల క్రితం సంగతి. బంతి మూడో బేసు గీత వెంట మెల్లగా దొర్లుతోంది. మాస్కు ఎడమ చేత్తో తీశాను. సంజ్ఞ చేయడానికి కుడి చేయి ఖాళీగా ఉండాలి కాబట్టి అలా అలవాటు చేస్తారు. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా కొడుతోంది. బంతి సున్నం మీదికి ఎక్కి, కాస్త తెల్లపొడి లేపి, గీత మీదే ఆగింది. లోపలికి వేలు చూపిస్తూ ‘ఫేర్’ అని అరిచాను. మొదటి బేసుకు పరుగెడుతున్న పిల్లవాడు సగం దారిలో ఆగి వెనక్కి తిరిగాడు. ఫీల్డరు బంతి తీసి విసిరాడు. అబ్బాయి ఔట్.

‘మీరు ఫౌల్ అన్నారు కదా సార్’ అన్నాడు. కళ్లలో నీళ్లు.

వాడి చెవిలో తప్పు లేదు, నా నోటిలో ఉంది. అంపైరుకు నేర్పే తొలి పాఠాల్లోనే ఇది ఉంటుంది: ఫౌల్ అయితే రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరవాలి. ఫేర్ అయితే నోరు విప్పకూడదు, చేత్తో లోపలికి చూపించాలి, అంతే. రెండు మాటలూ ‘ఫ’తోనే మొదలవుతాయి, రెండూ క్షణంలో ముగుస్తాయి. ముప్పై గజాల అవతల ఉన్నవాడికి ఆ ‘ఫ’ తప్ప ఏమీ చేరదు. తెలిసి కూడా ఆ రోజు అరిచాను. అందుకే అడుగుతున్నాను: ఎంత దూరం నుంచి విన్నా ఒకటి మరొకటిగా వినబడని జంట మన భాషలో ఉందా?

*

నెల్లూరు నుంచి ఒక మిత్రులు ‘లోపల, వెలుపల’ అన్నారు. కాగితం మీద చక్కని జంట. నిన్న సాయంత్రం ఒక పిల్లవాణ్ణి మూడో బేసు దగ్గర నిలబెట్టి, నేను ప్లేటు, అంటే బ్యాటర్ నిలబడే మూల, వెనక నుంచి రెండూ మార్చి మార్చి అరిచి చూశాను. రెండింటి చివరా ‘పల’ ఉంది, గాలికి మిగిలింది ఆ ‘పల’ ఒక్కటే. పాత చిక్కే మళ్లీ వచ్చింది. ‘బయట’ బాగా వినబడింది కానీ, ఔట్ అంటే బయట అని చదువుకున్న పిల్లలు కదా, బ్యాటరే ఔట్ అనుకున్నారు.

*

ఒంగోలు నుంచి విశ్రాంత తెలుగు పండితులు రాసినది ఇది. ఆయన అనుమతితో యథాతథంగా పెడుతున్నాను:

“నాయనా, చెడుగుడు ఆడిన ఊళ్లలో పుట్టి ఇంత దూరం వెతకడం ఎందుకు? మనవాళ్లు ఔటైనవాణ్ణి ‘చచ్చాడు’ అంటారు, మిగిలినవాణ్ణి ‘బతికాడు’ అంటారు. పరుగెత్తేవాడికి బంతి ఎక్కడ పడిందన్నది అనవసరం. ఆట సాగుతోందా, ఆగిందా అన్నదే కావాలి. ఫౌలయిన బంతిని ‘చచ్చింది’ అను. నీ అంపైరుకూ నా దగ్గర ఒక మాట ఉంది. పాత కావ్యభాషలో ‘తగవు’ అంటే న్యాయం, తగిన నడత. ఇప్పుడు అది కొట్లాట అయిపోయింది. ఆ తగవు తీర్చేవాడు ‘తగవరి’. తిక్కన పుట్టిన నేల మీద నిలబడి తీర్పు చెప్పేవాడికి ఇంతకంటే మంచి పేరు ఏముంటుంది?”

తగవరి అన్న మాట నాకు ఎంతో నచ్చింది. అంపైర్ అన్న మాట పుట్టుక కూడా దీనికి దగ్గరలోనే ఉంది. పాత ఫ్రెంచిలో ‘సరి కానివాడు’ అనే అర్థం ఉన్న మాట ఇంగ్లీషులోకి ‘నంపైర్’ లాంటి రూపంలో వచ్చింది. మొదటి నకారం ముందున్న ‘ఎ’కు అతుక్కుని ‘ఎన్’ అయిపోవడంతో ఈ మాట ఆ అక్షరం పోగొట్టుకుంది. సరి కానివాడు అంటే మన లెక్కలో బేసివాడు. ఇద్దరు వాదించుకుంటుంటే ఎవరి జట్టులోనూ కలవకుండా నిలిచే మూడోవాడు. మన నారింజ కూడా ఐరోపా దాకా వెళ్లి అలాగే మొదటి నకారం పోగొట్టుకుని ఆరెంజ్ అయింది.

‘చచ్చింది’ విషయంలోనూ పండితుల మాట సరిగ్గా తగిలింది. ఫౌల్‌కూ, ‘టైమ్’ అని ఆట ఆపడానికీ అంపైరు ఒకేలా రెండు చేతులూ ఎత్తుతాడు. ఎందుకంటే రెండింటిలోనూ జరిగేది ఒకటే, బంతి చచ్చిపోవడం. ఆ సంజ్ఞ చెప్పేదే ఈ మాట చెబుతోంది.

*

అయితే నిన్న రాత్రి సాఫ్ట్‌బాల్ ఆడిన ఒక చెల్లెలు, ఇప్పుడు కందుకూరులో ఉద్యోగం చేస్తున్నారు, ఒకే వాక్యంలో దాన్ని తోసిపుచ్చారు: “అన్నా, అబ్బాయిల ఆటలో బ్యాటర్ చచ్చాడు, బంతి చచ్చింది, సరిపోయింది. మా ఆటలో బ్యాటరూ చచ్చింది, బంతీ చచ్చింది. ఏది చచ్చిందని ఆగాలి?”

ముప్పై ఏళ్లుగా ఈ భాష మాట్లాడుతూ, అమ్మాయికీ బంతికీ ఏకవచనంలో ఒకే క్రియ వాడతామని తెలిసీ, మైదానంలో అది ఇలా అడ్డుపడుతుందని నేను ఊహించలేదు. ఆమె చెప్పింది నిజం. ‘ఔట్’కు లింగం లేదు, అందుకే అది అందరికీ పనికొచ్చింది.

సాఫ్ట్‌బాల్‌లో ఇంకో మెలిక కూడా ఆమే గుర్తుచేశారు. అక్కడ మొదటి బేసు జంటగా ఉంటుంది. గీత లోపల తెల్లది ఫీల్డరుకు, గీత బయట నారింజ రంగుది పరుగెత్తేవారికి. కొట్టిన బంతి తెల్లదానికి తగిలితే ఫేర్, ఒక్క నారింజదానికే తగిలితే ఫౌల్. ‘బేసుకు తగిలితే ఫేర్’ అని బేస్‌బాల్ లెక్కన రాసేస్తే ఆడపిల్లల ఆట చెడిపోయేది. ఆ పేజీ మార్చాను.

*

‘చచ్చిన బంతి’ని అరవడానికి వాడను, వివరించడానికి మాత్రం వదలను. బాక్ అని బౌలింగు చేసేవాడి, అంటే పిచ్చరు, తప్పు ఒకటి ఉంది. బేసు మీద మనిషి ఉండగా వేయబోయినట్టు కదిలి ఆగిపోవడం లాంటిది. అమెరికా ఉన్నత పాఠశాలల నియమాల్లో బాక్ అనగానే బంతి చచ్చినట్టే. వృత్తి ఆటగాళ్ల నియమాల్లో అంపైరు బాక్ అన్నా, పిచ్చరు వేసేస్తే ఆ ఆట ముగిసేదాకా బంతి బతికే ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూసి వచ్చిన పిల్లలు ఈ రెండింటినీ కలిపేసి నాతో వాదిస్తారు. ‘అక్కడ వెంటనే చస్తుంది, ఇక్కడ కాసేపు బతుకుతుంది’ అన్నాక వాదన ఆగింది.

వాక్యక్రమం గురించి కూడా ఒక మాట. మొదటి, రెండో బేసుల మీద మనుషులుండి, రెండు ఔట్లు ఇంకా కానప్పుడు, ఇన్‌ఫీల్డరు, అంటే బేసుల దగ్గర నిలబడే ఫీల్డరు, తేలిగ్గా పట్టగల బంతి గాల్లోకి లేస్తే, పట్టకముందే బ్యాటరును ఔట్ అంటాం. ఫీల్డరు కావాలని జారవిడిచి ఇద్దరిని ఔట్ చేయకుండా ఈ నియమం. బంతి గీతకు దగ్గరగా ఉంటే ‘ఫేర్ అయితేనే’ అన్న షరతు చేర్చాలి. మన వాక్యం సహజంగా ‘గీత లోపల ఉంటే బ్యాటర్ ఔట్’ అని నడుస్తుంది. అసలు కబురు చివరికి వచ్చేసరికి బేసు మీద పిల్లవాడు పరుగు తీసి ఉంటాడు. కాబట్టి ‘బ్యాటర్ ఔట్! లోపల ఉంటేనే!’ అని తిప్పి రాశాను. ‘వస్తాను, వాన రాకపోతే’ అని ఇంట్లో అంటాం కదా, అదే తీరు.

ఇక ఫేర్‌కు మాట పెట్టను. చెయ్యి చాలు. ఫౌల్‌ను ఫౌల్‌గానే ఉంచుతాను. మైదానంలో ఆ ‘ఫ’ దానికి ఒక్కదానికే దక్కాలి.

మిగిలింది ఫౌల్ టిప్. పేరులో ఫౌల్ ఉంది, కానీ బంతి బతికే ఉంటుంది. బ్యాటును ఒరుసుకుని నేరుగా వెనకున్న క్యాచరు చేతిలో పడితే స్ట్రైక్ లెక్క, అంటే బ్యాటర్ ఒక అవకాశం పోగొట్టుకున్నట్టు, బేసుల మీద ఉన్నవాళ్లు పరుగెత్తవచ్చు. పేరు విని ఆగిపోయిన పిల్లలను ఎంతమందినో చూశాను. అంపైరు ఒక అరచేతిని మరో చేతి వెనక మీదుగా రాసినట్టు చూపి, తర్వాత స్ట్రైక్ సంజ్ఞ ఇస్తాడు. ఆ చేతులనే చూసి ‘ఒరుపు’ అని రాసుకున్నాను. పలకడానికి మీకు ఎలా ఉందో చెప్పండి. శనివారం పిల్లలతో అరిపించి చూస్తాను.