44 జాంగుల ఓడ: జెంగ్ హె నిధినౌక నిజంగా సముద్రం దాటిందా?

చరిత్రపిచ్చి
పక్క దారంలో (చర్చలో) "చైనా నిధినౌకలు కట్టుకథ" అని ఒకాయన తేల్చేశారు కాబట్టి ఇది వేరే దారం. జెంగ్ హె అంటే మింగ్ చక్రవర్తి పంపిన చైనా నౌకాధిపతి, నిధినౌకలు ఆయన పెద్ద ఓడలు. ఆ రాజవంశపు అధికారిక గ్రంథం 'మింగ్ చరిత్ర'లో సూటిగా ఉంది: పొడవు 44 జాంగులు, వెడల్పు 18 జాంగులు, అలాంటి పెద్ద ఓడలు 62, మనుషులు 27,800 పైచిలుకు. ఇది 1405 నాటి మొదటి యాత్ర సంగతి. మింగ్ కాలపు 'చి' (చైనా అడుగు) దాదాపు 31 సెంటీమీటర్లు, పది చిలు ఒక జాంగు. లెక్కేసుకోండి: 137 మీటర్ల పొడవు, 56 మీటర్ల వెడల్పు. కొయ్యతో కట్టిన ఓడల్లో దీన్ని మించింది లేదు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వెక్కిరింపు వద్దు.

గోదారి_గాలి
అతిపెద్ద ఓడ సీవైజ్ జెయింట్, 458 మీటర్లు. గుజరాత్‌లో అలంగ్ ఒడ్డున ముక్కలు చేశారు. చర్చ సమాప్తం 🙂

లెక్కలమాస్టారు
గాలి గారూ, ఇక్కడ కొయ్య ఓడల మాట నడుస్తోంది.

చరిత్రపిచ్చి గారూ, కారణం అడిగారు కాబట్టి చెబుతున్నా. ఓడ పొడవంత అల వచ్చి, దాని శిఖరం సరిగ్గా నడుము కిందికి చేరితే ముక్కూ తోకా ఆధారం లేక వేలాడతాయి. నడుము పైకి లేస్తుంది. మరుక్షణం పల్లం నడుము కిందికి వస్తే ఓడ ఉయ్యాలలా కుంగుతుంది. నిమిషానికి ఇన్నిసార్లు చొప్పున ఇదే వరస, రోజుల తరబడి. కొలతలన్నీ రెట్టింపు చేస్తే ఈ వంపు బలం పదహారు రెట్లవుతుంది, తట్టుకునే శక్తి ఎనిమిది రెట్లే పెరుగుతుంది. అంటే పెద్దదయ్యేకొద్దీ కొయ్య మీద ఒత్తిడి పెరుగుతూనే పోతుంది.

పైగా ఓడ పెరిగిందని చెట్టు పెరగదు. పలక 12 మీటర్లనుకుంటే 137 మీటర్లకు ఒక్కో వరసలో 11 అతుకులు. ఒక్కో అతుకు మిల్లీమీటరు జారినా మేకు రంధ్రం వెడల్పవుతుంది, సందులో కూరిన నార ఊడి వస్తుంది, నీళ్ళు లోపలికి.

1909లో అమెరికాలో కట్టిన వయోమింగ్ చూడండి. డెక్కు మీద పొడవు 107 మీటర్లు, ముందూ వెనకా పొడుచుకొచ్చే కొయ్యలతో కలిపితే 137. పక్కలకు ఇనుప పట్టీలు ఐమూలగా బిగించారు, నీళ్ళు తోడడానికి ఆవిరి యంత్రం పెట్టారు. అయినా పలకలు మెలితిరిగి ఎప్పుడూ కారుతూనే ఉండేది. 1924 మార్చిలో నాన్‌టకెట్ దగ్గర తుపానులో మనుషులందరితో సహా మునిగింది.

చరిత్రపిచ్చి
వయోమింగ్ వస్తుందని తెలుసు, ప్రతిసారీ అదే. దాని వెడల్పు 15 మీటర్లు, సన్నటి బొంగు. మా ఓడ 56. వెడల్పుంటే బలం కాదా?

లెక్కలమాస్టారు
కాదు. వంపును ఆపేది ఓడ లోతు. అట్టముక్కను పడుకోబెట్టి వంచండి, నిలబెట్టి వంచండి, తేడా మీకే తెలుస్తుంది. లోతు రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. వెడల్పు రెట్టింపైతే బలం రెండింతలు, మోయాల్సిన బరువూ రెండింతలు, కాబట్టి లాభం సున్నా. నీట మునిగే లోతు 8 మీటర్లనీ, అడుగు బాగా కోసుగా ఉందనీ అనుకున్నా ఆ ఓడ బరువు పాతిక వేల టన్నులు తేలుతుంది. బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ ఎక్కిన కొయ్య యుద్ధనౌక విక్టరీ మూడున్నర వేల టన్నులు. ఏడు విక్టరీలు ఒక్క ఓడలో!

పలకామేకు
మాస్టారి లెక్క సరే గానీ, జంకు (చైనా తెరచాప ఓడ) కట్టే పద్ధతి తెలియకుండా పాశ్చాత్య ఓడతో పోలిస్తే ఎలా? వాళ్ళు పక్కటెముకలు నిలబెట్టి పైన పలకలు తొడుగుతారు. జంకులో అడ్డగోడలే అస్థిపంజరం. 1974లో చైనాలోని చ్వాన్‌జౌ దగ్గర బురదలోంచి తవ్విన 13వ శతాబ్దపు ఓడ ఉంది కదా: మిగిలిన పొడవు 24 మీటర్ల చిల్లర, వెడల్పు 9 మీటర్లు, 12 అడ్డగోడలు, 13 గదులు. అడుగున రెండు పొరల పలకలు, పక్కల మూడు పొరలు. కింది పొర అతుకు మీద పై పొర అతుకు పడకుండా తప్పించి వేస్తారు, ఇనుప మేకులూ పట్టీలూ కొడతారు. సందుల్లో జనపనార దట్టించి, దాని మీద టుంగ్ నూనె (టుంగ్ చెట్టు గింజల నూనె), గవ్వసున్నం కలిపి నూరిన ముద్ద రుద్దుతారు. నూనె ఎక్కువైతే ఆరదు, సున్నం ఎక్కువైతే పెళుసై రాలుతుంది, నార తక్కువైతే ఓడ కదలగానే పగుళ్ళు. ప్రతి అడ్డగోడ అడుగున చిన్న రంధ్రం, మామూలు వేళ నీళ్ళు ఒకచోటికి జారడానికి. ఒక గదికి చిల్లు పడితే దాన్ని మూసేస్తే సరి, మిగతా గదులు తేలుతాయి. 2010లో యునెస్కో ఈ విద్యను అత్యవసరంగా కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది, ఎందుకంటే చేసే చేతులు తగ్గిపోయాయి.

అన్నట్టు ఆ ఓడ అడుగుదూలం అతుకుల్లో నాణాలు, కంచు అద్దం దొరికాయి. శంకుస్థాపనలో మనం నవధాన్యాలు వేసినట్టు.

లెక్కలమాస్టారు
బాగా చెప్పారు. కానీ అడ్డగోడ అడ్డంగా నలగకుండా ఆపుతుంది, నిలువునా వంగకుండా కాదు. వెదురుకు కణుపులున్నాయి, అయినా వంగదా?

పలకామేకు
వంగుతుంది. నేనూ 137 అనలేదు. వయోమింగ్‌తో కొలవొద్దన్నా, అంతే.

ఉప్పుటేరు
జంకు అనే మాట మనకు కొత్తేం కాదు. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయ్య సెట్టి సరుకులు తెప్పించే ఓడల రకాలు చెబుతూ 'జోంగు' అన్నాడు. దాదాపు జెంగ్ హె కాలమే.

చరిత్రపిచ్చి
మీ ఇద్దరూ వదిలేసిన వస్తువు ఒకటుంది. 1957లో, జెంగ్ హె ఓడలు కట్టిన చోటని చెప్పే నాన్‌జింగ్ ఓడల కార్ఖానా జాగాలో చుక్కాని స్తంభం దొరికింది. పొడవు 11.07 మీటర్లు, చేవదేరిన గట్టి కొయ్య. చుక్కాని పలక బిగించే భాగమే 6 మీటర్లు. మామూలు పడవకు 11 మీటర్ల చుక్కాని స్తంభం ఎవడు పెడతాడు? దాన్నిబట్టే ఓడ 150 మీటర్ల దాకా ఉండొచ్చని లెక్క కట్టిన పండితులున్నారు.

పలకామేకు
జంకు చుక్కానిని తాళ్ళతో పైకీ కిందికీ జరుపుతారండీ. లోతు తక్కువ రేవులో పైకి లాగేస్తారు, నడిసముద్రంలో ఓడ అడుగు కంటే కిందికి దించుతారు. దించినప్పుడు అది తిప్పే పనితో పాటు ఓడ గాలికి పక్కకు కొట్టుకుపోకుండా ఆపే పని కూడా చేస్తుంది. అందుకే చదునడుగు ఓడలకు ఒంటికి మించిన చుక్కాని ఉంటుంది. తిప్పడం తేలికవడానికి కొన్నిటి పలకకు వజ్రాకారపు చిల్లులు కూడా పెడతారు. స్తంభం పొడవు చెప్పేది డెక్కు ఎత్తూ నీటి లోతూ. ఓడ పొడవు చెప్పదు.

చరిత్రపిచ్చి
అంటే ఏ రుజువు తెచ్చినా దానికో సాకు సిద్ధం!

లెక్కలమాస్టారు
సాకు కాదు, కొలత. అదే నాన్‌జింగ్ జాగాలో 2003, 2004ల్లో ఆరో గుంట తవ్వారు. ఓడలు కట్టి నీళ్ళు వదిలి నదిలోకి తేల్చే గుంట. సుమారు 420 మీటర్ల పొడవు, 41 మీటర్ల వెడల్పు. అందులోనూ పది, పదకొండు మీటర్ల చుక్కాని స్తంభాలు దొరికాయి. 41 మీటర్ల గుంటలో 56 మీటర్ల ఓడను ఎలా కట్టారు? నిలువునా చీల్చి అతికించారా?

చరిత్రపిచ్చి
వేరే గుంటలు పూడిపోయాయి. వాటి వెడల్పు మీరు కొలిచారా?

సరే, అసలు విషయం మాట్లాడదాం. మాస్టారూ, దేవాలయ శిఖరం రాయి మీద దారంలో కూడా మీరిదే పని చేశారు. "ఎలా ఎత్తారు, రుజువేది" అని నాలుగు రోజులు నన్ను తినేశారు. అమెరికావాడు ఇనుప పట్టీలేసీ ఓడ నిలబెట్టలేకపోయాడు కాబట్టి చైనా వడ్రంగికీ చేతకాదు, ఇంతేగా మీ తర్కం? శ్రీలంకలో దొరికిన జెంగ్ హె యాత్రల నాటి గాలె శాసనం చూశారా? 1409 నాటిది, చైనీస్, తమిళం, పారసీకం మూడింటిలో చెక్కించారు. గుడికి ఇచ్చిన బంగారం వెయ్యి, వెండి అయిదు వేలు, నూనె రెండున్నర వేల కాటీలు (చైనా తూనిక) అని లెక్క రాశారు. నూనె దగ్గర్నుంచి తూచి రాసినవాళ్ళు ఓడ పొడవు గాలికి రాస్తారా?

లెక్కలమాస్టారు
చక్కగా నా వాదన మీరే చెప్పారు. గాలె శాసనం ఆ కాలంలోనే చెక్కింది. అందులో నూనె లెక్కుంది, ఓడ కొలత ఏదీ? 1431లో జెంగ్ హె స్వయంగా చాంగ్‌లెలో చెక్కించిన రాతిలో నూటికి పైగా పెద్ద ఓడలంటాడు, కొలత లేదు. తోడెళ్ళిన మాహువాన్ రాసిన పుస్తకం ప్రతుల్లో కొన్నిట్లో కొలతుంది, కొన్నిట్లో లేదు. 1597లో అచ్చయిన నవలలో 44 జాంగుల 4 చిలు, 18 జాంగులు కనిపిస్తాయి, రాక్షసులు, మాయలతో కలిపి. మింగ్ చరిత్ర పూర్తయింది 1739లో, ఓడలు కుళ్ళి మూడు వందల ఏళ్ళయ్యాక. వడ్రంగిని నేనేం అనలేదు. గుమాస్తానే అనుమానిస్తున్నా.

ఇంకోటి. శిఖరం దారం సంగతి ఇక్కడికి లాగకండి.

నిర్వాహకులు
వ్యక్తిగతం వద్దు. ఓడ మీదే ఉండండి.

పలకామేకు
ఆ కాలపు రాతల్లో ఓడ సైజు బొత్తిగా లేదనడం తప్పు, మాస్టారూ. జాంగుల్లో లేదు గానీ 'లియావో'ల్లో ఉంది. లియావో అంటే ఓడ సైజుకు వాళ్ళ కొలమానం. నాన్‌జింగ్ జింగ్‌హాయ్ గుడి శాసనంలో 2000 లియావోల ఓడలు, 1500 లియావోల ఓడలు అని ఉంది. 2010లో జెంగ్ హె సహచరుడు హాంగ్ బావో సమాధి బయటపడింది, అందులోని రాయి మీద 5000 లియావోల ఓడ అని ఉంది.

2000 లియావోలకు 60 మీటర్ల పొడవని చాలామంది అంచనా. ఆకారం మారకపోతే 5000 లియావోలకు రెండున్నరకు ఘనమూలం పెట్టి హెచ్చించాలి: 81 మీటర్లు. కాస్త లావుగా కడితే 70 మీటర్లలోనూ సరిపోతుంది. ఇక 137 మీటర్ల ఓడకు ఇదే దామాషాలో దాదాపు 24 వేల లియావోలు కావాలి. ఆ అంకె ఎవరైనా చూపిస్తే నేను టోపీ తీసేస్తా.

కాబట్టి ఇద్దరికీ సగం సగం. చరిత్రపిచ్చి గారి 27,800 మందిని 62 ఓడలకు పంచితే ఓడకు 448. గుర్రాల ఓడలు, బియ్యపు ఓడలు, నీళ్ళ ఓడలు వేరే ఉన్నాయి కాబట్టి ఇంకా తక్కువే. వాళ్ళకు 70 మీటర్ల ఓడ ధారాళం. అంతకు ముందే కోళికోడ్‌లో చైనా ఓడలు చూసిన 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా, పెద్దదానికి వెయ్యిమంది అని రాశాడు.

గోదారి_గాలి
మరి ఆ 18 జాంగుల వెడల్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? నిజంగా అడుగుతున్నా.

పలకామేకు
ఒక వాదం ఏంటంటే, పెద్దవి యాంగ్‌జీ నది మీద చక్రవర్తి చూడ్డానికి కట్టిన ఉత్సవ ఓడలు, సముద్రానికి పోలేదు. నదిలో పెద్ద అల రాదు కాబట్టి వెడల్పాటి చదును ఓడ నిలుస్తుంది. రోమ్ దగ్గర నేమి చెరువులో రోమన్ చక్రవర్తి కలిగులా కట్టించిన రెండు ఓడలు 1928, 1932ల మధ్య నీళ్ళు తోడి బయటికి తీశారు: 70 మీటర్ల పైన పొడవు, 20, 24 మీటర్ల వెడల్పు. కొయ్యవే. చెరువు దాటి పోలేదు.

చరిత్రపిచ్చి
మన తెప్పోత్సవం లాగా అన్నమాట. సరే. 70 మీటర్లు నాకు మింగుడు పడుతుంది, నిజం చెబుతున్నా. 70 మీటర్లతో వచ్చినా కొలంబస్ ఓడకు మూడింతలు. కానీ ఒప్పుకోగానే "చూశారా, చైనావాడు కోతలు కోశాడు, మనవాళ్ళవీ కోతలే" అని రేపు మన తెలంగాణలోని కోనసముద్రం పాతకాలపు ఉక్కు మీద దారం మొదలవుతుంది. నా గొడవ దాని గురించి.

లెక్కలమాస్టారు
ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే నేను లోతు, వెడల్పు పాఠం రాసేవాణ్ణి కాదు. కోనసముద్రం ఉక్కును నేనెప్పుడూ కాదనలేదు, అక్కడ ఉక్కు కరిగించిన మూసలే దొరుకుతున్నాయి. గుమాస్తా రాత మీద మాత్రం నా మాట మారదు.

చరిత్రపిచ్చి
మారక్కర్లేదు. కానీ ఆ 41 మీటర్లు గట్టు మీద కొలిచిందా, అడుగున కొలిచిందా చెప్పండి.

లెక్కలమాస్టారు
గుంట ఒడ్లు వాలుగా ఉంటాయి. గట్టు మీద 41 అయితే అడుగున ఇంకా తక్కువ. మీకే నష్టం.

చరిత్రపిచ్చి
ఓడ కూడా కింద సన్నం, పైన వెడల్పేగా. బొమ్మ గీసి పెడతా, రాత్రికి చూడండి.