పేటలో పాత చర్చి: ఏ ఏడాది నుంచి లెక్క వేయాలి, కాగితాలు ఎక్కడ వెతకాలి?

గట్టుపేట
నరసాపురం వైపు ఒక పేటలో చిన్న బ్రదరెన్ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) సంఘం అండి. వందేళ్ల పండగ చేయాలని పెద్దలు అనుకుంటున్నారు, దానికో చిన్న చరిత్ర పుస్తకం వేయాలి. చిక్కేమిటంటే గోడలో పెట్టిన రాతిపలక మీది ఏడాదికీ, రిజిస్టరులో మొదటి బాప్తిస్మానికీ పదిహేనేళ్ల తేడా. ముసలాళ్లేమో "బౌడెన్ దొర నాటి నుంచీ ఉంది" అంటున్నారు. ఏది వేయాలి? రిజిస్టరు కూడా చెమ్మకి అట్టకట్టుకుపోతోంది, ఏం చేయమంటారు?

కాలవరేవు
పలకా నిజమే, రిజిస్టరూ నిజమే అయ్యుండొచ్చండి. పలక గోడల సంగతి చెబుతుంది, రిజిస్టరు మనుషుల సంగతి చెబుతుంది. డెల్టా పేటల్లో మామూలుగా ముందు ఎవరి అరుగు మీదో కూడిక, తర్వాత తాటాకు పాక, ఆ తర్వాతే స్థలం, గోడలు. అందుకని "స్థాపన" అని ఒక్క ఏడాది వేయకండి. మొదటి బాప్తిస్మం, స్థలం రాయించుకున్న తేదీ, మందిర ప్రతిష్ఠ విడివిడిగా వేసి, వందేళ్లు వీటిలో దేనికో మొదటి పేజీలోనే చెప్పండి.

బౌడెన్ సంగతికొస్తే, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ వాళ్లు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే బ్రదరెన్ మిషనరీ వెంట 1836లో మన దేశానికి వచ్చారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు వాళ్ల కేంద్రాలయ్యాయి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఉన్న కూలీల మధ్య కూడా బౌడెన్ సువార్త చెప్పాడు. మీ పేటలో ఒక ఇల్లు ఆ రోజుల్లోనే నమ్మి ఉండొచ్చు, అంతమాత్రాన అప్పటికే సంఘం ఉందని కాదు. పైగా బౌడెన్ అనే ఇంటిపేరు వాళ్లు తర్వాతి తరంలోనూ ఇక్కడ పనిచేశారు. దొర అంటే ఏ దొరో, ఆయన్ని చూసినవాళ్లు చెప్పారా, విన్నవాళ్లు చెప్పారా అని అడిగి రాసుకోండి.

బ్రదరెన్ సంఘాలకి లూథరన్ సినడు లాంటి పై ఆఫీసు లేదు, ఏ సంఘానికదే. కాబట్టి పాత సంగతులు ఎక్కువగా మిషనరీల ఉత్తరాల్లోనే ఉంటాయి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బ్రదరెన్ కాగితాలకి ప్రత్యేక భాండాగారం ఉంది, ఈమెయిల్ పెట్టి అడగొచ్చు. ఆ కాగితాల్లో పాలకొల్లు "పాల్కోల్" అని ఉంటుంది, పాత స్పెల్లింగులన్నీ రాసి అడగండి. మీ పేట పేరు దొరక్కపోతే పక్క పెద్ద ఊరి పేరుతో వెతకమనండి.

లంకరేగడి
స్థలం కాగితాల గురించి నేను చెబుతాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో బుక్కులో ఉంటాయి. ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ఆ హక్కు ఇస్తోంది. ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో ఇండెక్సు తిరగేయాల్సిందే. సంఘం పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, మిషనరీ పేరు మీదో ఒక పెద్ద పేరు మీదో రాయించి ఉంటారు. అసలు దస్తావేజే లేదంటే గ్రామకంఠమో (ఊరి ఇళ్ల స్థలం), పోరంబోకో (సర్కారు భూమి), డి-పట్టానో (సర్కారు పంచి ఇచ్చిన భూమి) అయ్యుంటుంది. అప్పుడు తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) చూడాలి. జిల్లా మారిన సంగతి మరిచిపోవద్దు: నరసాపురం తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా, తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. పాత కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంటే అది వేరే ఊరనుకుని పక్కన పెట్టేస్తుంటారు.

కట్టడాన్ని కూడా చదవండి. బెంగళూరు పెంకు తిరగేస్తే వెనకాల కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. కానీ పెంకు వయసు గోడ వయసు కాదు, తుపానుకి లేచిపోయిన కప్పు మళ్లీ వేసేటప్పుడు వేరేచోటి పాత పెంకు తెచ్చి వేస్తారు. గంట మీది ఏడాదీ అంతే, వేరే చర్చి నుంచి వచ్చి ఉండొచ్చు. పలక మీద సున్నం పేరుకుంటే యాసిడ్ పోయొద్దు, అక్షరం అంచు తినేస్తుంది. నీళ్లతో నానబెట్టి వెదురు పుల్లతో తీయండి. చీకటి పడ్డాక టార్చిని పలక పక్కనుంచి, గోడకి ఆనించినట్టు పట్టి ఫోటో తీస్తే అరిగిన అంకె కూడా నీడతో తేలుతుంది. 3, 8 ఒకటి మరొకటిలా అనిపించేది అరిగినచోటే.

పెద్దవాళ్లని ఏడాది అడగొద్దు. 1953 వరదకి ముందా, 1986 వరదకి వెనకా, 1996 నవంబరు తుపానుకి కప్పు ఉందా పోయిందా, అలా అడగండి.

గట్టుపేట
పెంకుల సంగతి తట్టనే లేదండి. రిజిస్టరు మాటేమిటి?

పాతకాగితం
అంటుకున్న పేజీలు గోటితో విడదీయకండి, ఎండలో పెట్టకండి. నీడలో ఫ్యాను గాలికి నిలబెట్టి, వాటంతట విడిపోయినచోట పది పేజీలకో తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి, తడి పీల్చినప్పుడల్లా మార్చండి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా దిగుతుంది, వేపాకు పెడితే మరక పడుతుంది. సెలోటేపు, లామినేషన్ అసలు వద్దు. ఆరగానే ముందు ఫోటోలు: కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో ఫోటోకి ఒక్కో పేజీ, అట్టా ఖాళీ పేజీలూ కలిపి. నకళ్లు రెండు వేరు వేరు ఇళ్లల్లో పెట్టండి.

మీది పెద్దయ్యాక ముంచి ఇచ్చే బాప్తిస్మం కదా, ఆ తేదీ నుంచి పుట్టిన ఏడాది లెక్క కట్టొద్దు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. బాప్తిస్మ రిజిస్టరులోని పేర్లు పుస్తకంలో గానీ ఫేస్‌బుక్‌లో గానీ యథాతథంగా పెట్టకండి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వదు, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి మారినవాళ్లు బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు)లోకి వస్తారు. ఒక పేజీ ఫోటో ఎవరి మనవడి కుల సర్టిఫికెట్టు మీదికైనా రావొచ్చు. బతికున్నవాళ్ల పేర్లు వాళ్లనడిగి, పోయినవాళ్లవి ఇంటివాళ్లనడిగి వేయండి. వద్దన్నచోట సంఖ్య మాత్రం రాయండి.