ఆత్మకి తిండి విడిగా పెట్టాలా, పనిలోనే దొరుకుతుందా?

చెరువుగట్టు (భీమవరం దగ్గర):
మొన్న పండక్కి వచ్చి మా బావగారు ఒకటే నస. "పొద్దున్నే అరగంట ధ్యానం చెయ్యి బావా, లేకపోతే లోపల ఎండిపోతావు" అని. నాకున్నది వేనామీ రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయిందంటే నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, పరిగెత్తి జనరేటర్ వెయ్యాలి. ఆ టైమ్‌లో కళ్ళు మూసుకు కూర్చుంటే అయినట్టే! టార్చి వేసి, మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం, అదే చెక్ ట్రే, పైకి లాగుతాను. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా చూస్తాను. ఆ పది నిమిషాలూ బుర్రలో ఇంకేమీ ఉండదు. నా ధ్యానం అదే అంటాను. కాదంటారా?

దాళ్వా రైతు:
కాదనే అంటాను తమ్ముడూ. నువ్వు చూసేది పేగే గానీ లోపల నడిచేది కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, రేటు ఎంత అనే లెక్క. దాన్ని టెన్షన్ అంటారు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ కాలువలు ఉన్నాయి కాబట్టే ఇవాళ మనం రెండు పంటలు తింటున్నాం. అలాంటి కాలువల్ని కూడా దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కట్టేస్తారు. పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి, గట్లు బాగుచేసి మళ్ళీ వదులుతారు. పారుతుండగా పూడిక తియ్యడం ఎవరివల్లా కాదు. మనిషైనా అంతే.

అమలాపురం మాస్టారు:
కృష్ణుడు అర్జునుడికి గీత చెప్పింది అడవిలో కాదండీ, యుద్ధభూమిలో. పని మధ్యలోనే.

దాళ్వా రైతు:
రథం ఆపాకే కదా మాస్టారూ చెప్పింది!

కోనసీమ కోడలు:
కాలువ కట్టేస్తారన్నారు, బానే ఉందండీ. కట్టేసిన రోజుల్లో ఊరి చెరువు అడుగంటితే బిందెలు మోసేది ఎవరు? మీ అరగంట ధ్యానం వెనకాల కూడా కాఫీ పెట్టి, పిల్లల్ని అరవకుండా చూసే మనిషి ఒకరుంటారు. ఆవిడ అరగంట మాటేంటి?

అలాగని పనిలోనే అంతా ఉందంటే కూడా నేను ఒప్పుకోను. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. 2015 పుష్కరాలకి కోటిపల్లి రేవులో నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది ఆవిడే. ఇప్పుడు రోజూ నేనే ఆవిడకి చిక్కు తీసి జడ వేస్తాను. ఒక్కోరోజు దువ్వెన పెట్టగానే "ఎవరి మీదే కోపం?" అంటుంది. మాట ముద్దగా వస్తుంది గానీ నాకు అర్థమవుతుంది. ఆ తల అదే, దువ్వెన అదే. నా చెయ్యి లాగే తీరులో తేడా ఆవిడ నెత్తికి తెలిసిపోతుంది. అలాంటి రోజు ఆ పని నాకూ ఏమీ ఇవ్వదు, ఆవిడకీ ఇవ్వదు. కోపం లేని రోజు మాత్రం జడ అయిపోయినా లేవబుద్ధి కాదు.

దాళ్వా రైతు:
బిందెల సంగతి నాకు తట్టలేదమ్మా. ఒప్పుకుంటున్నాను. పూడిక మాట మాత్రం వెనక్కి తీసుకోను.

చెరువుగట్టు:
రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. "నువ్వు మూడింటికి లేస్తే నాకూ మెలకువ వచ్చేస్తుంది. కరెంటు పోయిందేమో అని, నువ్వు తిరిగొచ్చేదాకా ఫ్యాను వంకే చూస్తూ పడుకుంటాను. నీది ధ్యానమైతే మరి నాది ఏంటి?" అంది. ఏం చెప్పాలో తెలీక ఇవాళంతా ఇటువైపు రాలేదు.