జట్టు ఊరు మారితే పేరు ఎవరి సొత్తు?

పాతరింకు:
అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు ఊళ్లు మారడం మామూలే. జట్టు యజమాని ఆస్తి, తీసుకుపోతాడు. పేరును మాత్రం పుట్టిన ఊళ్లోనే వదిలి వెళ్లాలని నా వాదన. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊరి జట్టు వేలర్స్‌నే (అంటే తిమింగలాల వేటగాళ్లు) చూడండి. తిమింగలాల వేట ఒకప్పుడు న్యూ ఇంగ్లండ్ తీరానికి అన్నం పెట్టిన వృత్తి, పేరు అక్కడినుంచే వచ్చింది. ఇంగ్లిష్‌లో దాని మొదటి మూడు అక్షరాలు జట్టు పుట్టిన డబ్ల్యుహెచ్‌ఏ లీగ్ పేరే కావడం అదనపు చమత్కారం. ఇక చిహ్నం: కింద ఆకుపచ్చ డబ్ల్యు, పైన నీలి తోక, రెంటి నడుమ మిగిలిన తెల్లటి ఖాళీలో హార్ట్‌ఫర్డ్ హెచ్! 1997లో జట్టు నార్త్ కరోలినాకు వెళ్లి కరోలినా హరికేన్స్ అయింది. సరే. కానీ 2018 నుంచి అప్పుడప్పుడూ ఆ ఆకుపచ్చ జెర్సీలు తొడుక్కుని ఆడుతోంది, వాటిని అమ్ముకుంటోంది. కాదనుకుని వచ్చిన ఊరి గుర్తుతో బేరమా?

రాలీవాసి:
పాతరింకు గారూ, మీ బాధ అర్థమైంది, తీర్పు మాత్రం ఒప్పుకోను. నార్త్ కరోలినాలోని మా రాలీకి వచ్చింది పాత జట్టే, కొత్తది కాదు. హార్ట్‌ఫర్డ్‌లో ఆట మొదలుపెట్టిన రాన్ ఫ్రాన్సిస్, 2002లో హరికేన్స్ కెప్టెన్‌గా లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ ఆడాడు. ఆయన పదో నంబరును ఇక్కడే శాశ్వతంగా పక్కన పెట్టారు. ఆయనను ఏ ఊరి ఖాతాలో వేస్తారు?

మంచుమీదచేప:
కెనడాలోని కాల్గరీ ఫ్లేమ్స్‌ను (అంటే మంటలు) మరిచారు. ఆ జట్టు 1972లో అట్లాంటాలో పుట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో జనరల్ షెర్మన్ సేనలు ఆ నగరాన్ని తగలబెట్టిన సంగతే పేరుకు మూలం. (తమ ఊరు కాలిపోయిన రోజును జట్టుకు పేరుగా పెట్టుకోవడానికి గుండె ధైర్యం కావాలి.) 1980లో జట్టు కాల్గరీకి మారింది. అది చమురు, గ్యాస్ ఊరు కాబట్టి మంట అక్కడా నప్పింది. చాలాకాలం ఉపసారథుల జెర్సీ మీద 'ఏ' అక్షరంగా అట్లాంటా మంటల గుర్తునే కుట్టేవారు. దీన్నీ దొంగతనమే అందామా?

పాతరింకు:
అది అదృష్టం, న్యాయం కాదు. విన్నిపెగ్‌లో న్యాయం జరిగింది. 1996లో ఆ కెనడా ఊరి జట్టు జెట్స్, అరిజోనాలోని ఫీనిక్స్‌కు వెళ్లి కయోటీస్ అయింది. 2011లో అట్లాంటా త్రాషర్స్ విన్నిపెగ్‌కు వచ్చినప్పుడు ఊరు తన జెట్స్ పేరును తిరిగి తీసుకుంది.

మంచుమీదచేప:
పేరు వచ్చింది, మరి చరిత్ర? టీము సెలానె తొలి సీజన్‌లోనే, 1992-93లో, విన్నిపెగ్‌కు 76 గోల్స్ కొట్టాడు. లీగ్ ఆ లెక్కను అరిజోనా ఎడారి జట్టు పద్దులో రాసింది. కొత్త జెట్స్ పద్దులో వచ్చి పడింది అట్లాంటా చరిత్ర! పేరు ఊరికి, రికార్డులు యజమానికి అని చీల్చితే వచ్చే అవకతవక ఇదే. అసలు తగువు పద్దుల గురించి. మీరిద్దరూ జెర్సీల దగ్గరే ఆగిపోయారు.

పాతరింకు:
పద్దులు లీగ్ దగ్గరే ఉండనివ్వండి, గ్యాలరీలో ఎవరూ పద్దులు చదవరు. రాలీవాసి గారూ, ఒక్క ప్రశ్న: రేపు హార్ట్‌ఫర్డ్‌కు ఇంకో జట్టు వస్తే ఆ ఆకుపచ్చ జెర్సీ తిరిగి ఇస్తారా?

రాలీవాసి:
రానివ్వండి, అప్పుడు నేనే ఇచ్చేయమంటాను. అప్పటిదాకా అది పెట్టెలో మగ్గకుండా మా రింకులో తిరుగుతుంది.