లేఆఫ్ అయ్యాక మిగిలినవాళ్లం ఎలా పనిచేస్తున్నాం? మీ అనుభవాలు చెప్పండి

వెన్నెల:
అందరికీ నమస్తే. పోయిన నెల మా కంపెనీలో లేఆఫ్ జరిగింది. లిస్టులో నా పేరు లేదు. ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ అందరూ "నీ ఉద్యోగం ఉంది కదా, ఇంకెందుకు టెన్షన్" అంటున్నారు. వాళ్లకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఉద్యోగం ఉంది, పని మీద మనసు లేదు. ఇదివరకు మా టీమ్ చాట్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక గోల ఉండేది, బగ్ గురించో, సినిమా గురించో. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే ఒక బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటున్నారు. వెళ్లిపోయిన ఒకావిడ పెట్టిన వారంవారం రివ్యూ మీటింగ్ ఇంకా అందరి క్యాలెండర్లో అలాగే ఉంది, ఆవిడ అకౌంట్ తీసేశారు కాబట్టి మా ఎవరికీ అది క్యాన్సిల్ అవ్వట్లేదు, ప్రతి మంగళవారం "15 నిమిషాల్లో మీటింగ్" అని మోగుతుంది, ఎవరూ ఏమీ అనరు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకోటి. ఆవిడ నాకంటే బాగా పనిచేసేది. ఎందుకు ఆవిడని తీసేశారని మేనేజర్‌ని అడిగితే "బిజినెస్ డెసిషన్" అన్నారు, అంతే. కారణం తెలియకపోతే రేపు నేను ఏం చేస్తే ఉంటానో, ఏం చేస్తే పోతానో ఎలా తెలుస్తుంది? ఇది దాటినవాళ్లు ఉంటే చెప్పండి. మళ్లీ మామూలవడానికి ఎంత కాలం పట్టింది? అసలు అయిందా?

టెర్మినల్:
మొదటి రౌండ్ తర్వాత మామూలు అవుతుంది వెన్నెల గారూ. రెండో రౌండ్ వస్తే మాత్రం కష్టం. మా దగ్గర మొదటిసారి టౌన్‌హాల్లో, అంటే కంపెనీ అంతా కూర్చునే మీటింగులో, పెద్దాయన "ఇదే చివరిది, ఇక అందరూ పని మీద దృష్టి పెట్టండి" అన్నారు. నమ్మాం. నిజంగానే కొన్నాళ్లు ప్రాణం పెట్టి చేశాం, పోయినవాళ్ల పని కూడా కలిపి. క్వార్టర్ రిజల్ట్స్ వచ్చిన వారమే మళ్లీ మొదలైంది. ఆ రోజు నుంచి టౌన్‌హాల్లో ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు. హెచ్‌ఆర్ నుంచి ఎవరికైనా "క్విక్ కనెక్ట్" అని ఇన్వైట్ వస్తే ఫ్లోర్ మొత్తానికి క్షణాల్లో తెలిసిపోతుంది, తీరా అది లీవ్ పాలసీ గురించే అయినా అంతదాకా ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా సంగతి చూడండి. 2022 నవంబరులో 11,000 మందిని తీసేశారు. 2023 మార్చిలో ఇంకో 10,000 అన్నారు, అదీ ఒకేసారి కాదు, ముందు రిక్రూటింగ్ వాళ్లు, ఏప్రిల్ ఆఖర్లో టెక్ టీములు, మే ఆఖర్లో బిజినెస్ టీములు అని విడతలుగా. ముందే చెప్పారు కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ మధ్య వారాల్లో ఎవరు మనసుపెట్టి కొత్త పని మొదలుపెడతారు? కోసేదేదో ఒకసారే కొయ్యాలి, కోశాక ఇదే చివరిదని తెలిస్తేనే చివరిదనాలి, తెలియకపోతే ఆ మాట ఎత్తకూడదు.

పాత మేనేజర్:
వెన్నెల గారూ, మీ మేనేజర్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. నా టీములో ఎవరు పోతున్నారో నాకు ముందురోజు రాత్రి తెలిసింది. పేర్లు నేను ఎంచలేదు. నా చేతిలో అర పేజీ పెట్టి "ఇది చదవండి, ఇంతకు మించి ఒక్క మాట మాట్లాడొద్దు" అన్నారు. లీగల్ వాళ్ల భయం వాళ్లది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తగ్గించినప్పుడు చాలామందికి లాగిన్ అవ్వకపోతేనే తెలిసిందని అక్కడి ఉద్యోగులే బయటికి రాశారు, మా సైజు కంపెనీల్లో కూడా తర్వాత అదే పద్ధతి వచ్చేసింది. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన మనిషి వీడ్కోలు మెయిల్ కూడా పంపుకోలేకపోయాడు.

ఆ తర్వాత వారం పైనుంచి నాకు వచ్చిన ఆదేశం ఏమిటంటే టీమ్ మొరాల్ పెంచమని. టీమ్ అవుటింగ్‌కి బడ్జెట్ ఇచ్చారు. వెళ్లాం, మొహాలు చూసుకుని వచ్చేశాం.

పనికొచ్చింది ఒక్కటే. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని నాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, తెలిసినా చెప్పడానికి వీల్లేనిది ఇది అని మూడూ విడదీసి చెప్పాను. ఆ మూడోది ఉందని ఒప్పుకోవడం జనానికి ఎంత ఊరటో నేను అనుకోలేదు. "బిజినెస్ డెసిషన్" అనే మాట ఎందుకు గుచ్చుకుంటుందంటే అది తెలియదనీ చెప్పదు, చెప్పననీ చెప్పదు.

శరత్ క్యూఏ:
మనసు సంగతి సరే, పని సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. మనుషులు తగ్గారు, పని తగ్గలేదు. మా దగ్గర ఆన్‌కాల్ రోటాలో (రాత్రీపగలూ ఏదైనా ఆగిపోతే ఎవరు చూడాలన్న వంతుల్లో) సగం మంది పోతే మిగిలిన సగానికి అదే రోటా రెట్టింపైంది, దాన్ని "ఓనర్‌షిప్" అన్నారు.

కేటీ, అంటే వెళ్లేవాళ్లు తమ పని మిగిలినవాళ్లకి నేర్పి అప్పగించడం, ఎవరిస్తారు చెప్పండి, పొద్దున మెయిల్, మధ్యాహ్నానికి యాక్సెస్ కట్. ఒక రాత్రి మా పేమెంట్ సర్వీస్ సర్టిఫికెట్ (కనెక్షన్ నమ్మదగ్గదని చూపించే డిజిటల్ పత్రం) ఎక్స్‌పైర్ అయింది. దాన్ని ఎక్కడ రెన్యూ చెయ్యాలి, పాస్‌వర్డులు దాచే ఏ వాల్ట్‌లో ఉంది, అప్రూవల్ ఎవరివ్వాలి, ఏదీ ఎవరికీ తెలీదు. డాక్యుమెంట్‌లో ఓనర్ అని ఉన్నచోట లేఆఫ్ అయినవాడి పేరు. వైస్ ప్రెసిడెంట్ దాకా కాల్‌లో ఉన్నారు. చివరికి మాలో ఒకరు ఆ అబ్బాయికే ఫోన్ చేశారు. అర్ధరాత్రి నిద్రలేచి, తనని గెంటేసిన కంపెనీ కోసం, ఏ పేజీలో ఏ లైన్ మార్చాలో వరసగా చెప్పాడు. పొద్దున మేనేజ్‌మెంట్ నుంచి మాకందరికీ థాంక్యూ మెయిల్ వచ్చింది. అందులో అతని పేరు లేదు. ఆ మెయిల్ చూశాకే నేను రెజ్యూమె అప్‌డేట్ చేశాను. అప్పటిదాకా ఉందామనే అనుకున్నాను, నిజంగా.

నీలాంబరి:
శరత్ గారూ, మీరు చెప్పిన ఆఖరి వాక్యం మీద చాలా పరిశోధన జరిగింది. ఛార్లీ ట్రెవర్, ఆంథొనీ నైబర్గ్ అనే ఇద్దరు 2008లో అచ్చువేసిన అధ్యయనం ఉంది: కంపెనీ 1 శాతం మందిని తగ్గిస్తే, తమంతట తాము మానేసేవాళ్ల రేటు 31 శాతం దాకా పెరుగుతుందని అందులో తేలింది. అంటే కంపెనీ లెక్కలో పదిమంది పోతారనుకుంటే, లెక్కలో లేనివాళ్లు కూడా పోతారు. బయట అవకాశాలు ఎక్కువ ఉండేది బాగా పనిచేసేవాళ్లకే కాబట్టి ముందు తలుపు వైపు చూసేదీ వాళ్లే.

వెన్నెల గారు చెప్పిన బాధ గురించి కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ జోయెల్ బ్రాక్నర్ 1980ల నుంచి పనిచేశారు. మిగిలినవాళ్లు ఎలా ఉంటారన్నది తీసేసిన పద్ధతి న్యాయంగా అనిపించిందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడుతుందని ఆయన చూపించారు. ఎలా ఎంచారో చెప్పారా, ముందుగా చెప్పారా, పోయేవాళ్లని మర్యాదగా చూశారా అన్నవి ఉంటే ఎంత పెద్ద కోత అయినా జనం కొంత తట్టుకుంటారు. ఇంకో సంగతి, అంతకుముందు కంపెనీని బాగా నమ్మినవాళ్లే అన్యాయం కనబడితే ఎక్కువ విరిగిపోతారట. అందుకే వెన్నెల గారూ, మీకు పని మీద మనసు పోయిందంటే మీరు బలహీనులని కాదు. మీరు నమ్మారు, అంతే.

స్థిమితం:
అందరితోనూ ఏకీభవిస్తాను గానీ ఒక మాట. కొన్నిసార్లు లేఆఫ్ చెయ్యకపోతే కంపెనీయే ఉండదు. మొత్తం మూతపడితే అందరం రోడ్డున పడతాం కదా. నేను పనిచేసిన చిన్న కంపెనీ ఆ నిర్ణయం తీసుకోలేక తీసుకోలేక చివరికి జీతాలు ఆపేసింది. అది ఇంకా ఘోరం.

ఎలా చెయ్యాలో చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 2020 మేలో, ప్రయాణికులకి ఇళ్లు, గదులు అద్దెకి దొరికే యాప్ ఎయిర్‌బీఎన్‌బీ 7,500 మందిలో సుమారు 1,900 మందిని తీసేసింది. ప్రయాణాలే ఆగిపోయిన సమయం అది. సీఈఓ బ్రయాన్ చెస్కీ ఉత్తరంలో ఆదాయం ఎంత పడిపోతుందనుకుంటున్నారో, ఏ పనులు ఆపేస్తున్నారో, మనుషుల్ని దేన్నిబట్టి ఎంచారో అన్నీ రాశారు. అమెరికాలో వాళ్లకి 14 వారాల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ ఇంకో వారం. ల్యాప్‌టాప్‌లు ఉంచుకోమన్నారు. రిక్రూటింగ్ టీములో కొందరిని వెళ్లిపోయేవాళ్లకి ఉద్యోగాలు వెతకడానికే పెట్టారు. బాధ తగ్గిందని అనను. కానీ మిగిలినవాడికి రేపు నాకూ ఇదే జరిగితే ఇలా చూస్తారన్న ధైర్యం ఉంటుంది.

టెర్మినల్:
స్థిమితం గారూ, గత్యంతరం లేని కంపెనీ వేరు. లాభాల్లో ఉండి, రిజల్ట్స్ బాగున్నాయని చెప్పిన నోటితోనే మనుషుల్ని తీసేసేవాళ్ల గురించే నా బాధ. జపాన్ వీడియోగేమ్ కంపెనీ నింటెండోకి అప్పటి ప్రెసిడెంట్ సతోరు ఇవాటా 2013లోనే ఇన్వెస్టర్లకి చెప్పారు, ఉద్యోగం పోతుందేమోనని భయపడే మనిషి ప్రపంచాన్ని మెప్పించే సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యలేడని. 2014లో ఫలితాలు దెబ్బతింటే తన జీతం ఐదు నెలలు సగానికి కోసుకున్నారు, మిగతా డైరెక్టర్లూ తగ్గించుకున్నారు. జపాన్‌లో తీసెయ్యడం అంత తేలిక కాదు, ఆ సంగతీ నిజమే. అయినా కోత పైనుంచి మొదలైందని చూసినవాడు పనిచేసే తీరే వేరు.

ప్రవాహం:
నేను పోయినవాళ్లలో ఉన్నాను. ఇక్కడంతా మిగిలినవాళ్లే ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది.

ఏం మాట్లాడాలో తెలియక మీరు ఫోన్ చెయ్యట్లేదని మాకు తెలుసు. చెయ్యండి. రోజూ కలిసి కూర్చున్నవాళ్లలో ఇద్దరే చేశారు నాకు, మిగతావాళ్లు నన్ను తప్పించుకుంటున్నారేమో అనిపించి ఉద్యోగం పోయినదానికంటే అదే ఎక్కువ ఏడిపించింది. సలహాలు అక్కర్లేదు. రెఫరల్ ఇవ్వగలిగితే ఇవ్వండి, లింక్డ్‌ఇన్‌లో నాలుగు లైన్లు నిజంగా నేను చేసిన పని గురించి రాయండి. "చాలా కష్టజీవి" అని కాదు, ఫలానా మైగ్రేషన్ (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చడం) ఇతనే చేశాడు అని.

ఎందుకు అంత ముఖ్యమంటే, ఇప్పుడు కొన్ని కంపెనీలు లేఆఫ్‌కి "లో పెర్ఫార్మర్స్" అని పేరు పెడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో మెటా దాదాపు 5 శాతం మందిని అలాగే పంపింది. రేటింగ్ బాగున్న తమకు కూడా ఆ ముద్ర పడిందని అప్పుడు కొందరు బయటికి వచ్చి చెప్పుకున్నారు. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఆ ముద్ర ఎంత బరువో అనుభవించినవాడికే తెలుస్తుంది.

నీలాంబరి:
ప్రవాహం గారూ, రాసినందుకు థాంక్స్. ఈ రేటింగుల బెడద పాతదే. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ సీఈఓగా ఉన్న కాలంలో ఏటా కింది 10 శాతం మందిని పంపించెయ్యడం ఒక పద్ధతిగా నడిచింది, దాన్ని చూసి చాలా కంపెనీలు పట్టుకున్నాయి. పక్కవాడికి సాయం చేస్తే వాడు నాకంటే పైకి వెళ్తాడు, నేను కిందికి పోతాను అనే చోట ఎవరు ఎవరికి నేర్పిస్తారు? మైక్రోసాఫ్ట్ అలాంటి పద్ధతిని చాలాకాలం నడిపి 2013 నవంబరులో తీసేసింది.

హెచ్‌ఆర్ డెస్క్:
తిడతారేమోనని ఇంతదాకా రాయలేదు. ఎలా ఎంచారో కంపెనీ ఎందుకు చెప్పదంటే ప్రతి మాటా రేపు కేసులో కాగితమవుతుందని. కానీ పేర్లు లేకుండా పద్ధతి చెప్పొచ్చు: ఏ ప్రాజెక్టులు మూసేశాం, ఏ పాత్రలు రెండుచోట్ల ఉన్నాయి, రేటింగ్ చూశామా లేదా. ఇది చెప్పమని లోపల అడిగే హెచ్‌ఆర్ వాళ్లం ఉన్నాం, వినేవాళ్లు తక్కువ.

వెన్నెల గారూ, మీరు మేనేజర్‌ని "ఆవిడని ఎందుకు తీసేశారు" అని అడిగారు. అది ఆయన చెప్పలేరు, చెప్పకూడదు కూడా, వేరే ఉద్యోగి విషయం కాబట్టి. "నా పాత్ర వచ్చే ఆరు నెలల ప్లాన్‌లో ఉందా, నా ప్రాజెక్టుకి బడ్జెట్ ఆమోదమైందా" అని అడగండి. దీనికి జవాబు ఉంటుంది. జవాబు తడబడితే అదీ జవాబే, అప్పుడు మీ ఏర్పాట్లలో మీరుండండి. ఇంకోటి, పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. యాక్సెస్ పోయాక వాటికోసం మాకు మెయిళ్లు పెట్టి వారాల తరబడి ఎదురుచూసేవాళ్లని చూస్తుంటాను.

వెన్నెల:
అందరికీ చాలా చాలా థాంక్స్. చదువుతూ ఒకటి రెండుసార్లు ఆగిపోయాను. ప్రవాహం గారి మాట చూశాక ఆవిడకి ఫోన్ చేశాను, గంటసేపు మాట్లాడుకున్నాం, ఆవిడే నన్ను ఓదార్చింది. ఆవిడ డిజైన్ చేసిన రిపోర్టింగ్ మాడ్యూల్ గురించి ఇవాళే లింక్డ్‌ఇన్‌లో రాస్తాను.

రేపు మేనేజర్‌తో వన్ ఆన్ వన్ ఉంది. హెచ్‌ఆర్ డెస్క్ గారు చెప్పిన రెండు ప్రశ్నలూ అడుగుతాను. శరత్ గారూ, పని గురించి కూడా అడగాలనుంది, ఆవిడ పని కూడా నా నెత్తి మీదే ఉంది. ఎలా అడిగితే ఫిర్యాదులా ఉండదు?

శరత్ క్యూఏ:
ఎక్కువైందని అనకండి, కాగితం మీద పెట్టండి. మీ పనులు, ఆవిడ పనులు ఒకే షీట్‌లో వరసగా రాసి, ఒక్కోదానికి వారానికి ఎన్ని గంటలు పడుతుందో పక్కన వెయ్యండి. కూడితే వచ్చిన గంటలు ఆయనే చూస్తారు. "ఇందులో వేటిని ఆపమంటారో మీరు గుర్తుపెట్టండి" అనండి. ఏవీ ఆపకూడదంటే ఏది ఆలస్యమైనా ఫర్వాలేదో మెయిల్‌లో రాసివ్వమనండి. మా టీములో అలా అడిగాకే నాలుగు రిపోర్టులు ఎవరూ చదవట్లేదని బయటపడి ఆపేశారు. ఆ సర్టిఫికెట్లూ పాస్‌వర్డులూ ఎక్కడున్నాయో కూడా అదే షీట్‌లో ఒక కాలమ్ పెట్టండి, తెలియనివి ఖాళీగా వదిలెయ్యండి, ఆ ఖాళీలు ఎన్నున్నాయో ఆయన కంట పడాలి.