కొండ మొదట్లో నాలుగు అడుగులు తవ్వినా రాళ్లే: ఈ నేలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: గెడ్డవార రైతు

సభ్యులందరికీ నమస్కారం. మాది అరకులోయ వైపు ఒక చిన్న గ్రామం. మా తాతగారి కాలం నుంచి సాగులో ఉన్న రెండు ఎకరాలలో కింది భాగం గెడ్డ (వాగు) పక్కనున్న వరి మడులు, పై భాగం కొండవాలు మొదలయ్యే చోట ఉన్న గరువు (మెట్ట నేల). ఆ గరువులో ఇంతకాలం చోడి, సామ, వలిసెలు పండించాము. ఇప్పుడు అక్కడ నీడ చెట్లు పెంచి, వాటి కింద కాఫీ మొక్కలు నాటి, మిరియాల తీగలు పాకించాలనే ఆలోచనతో ఒక గుంత తవ్వి చూశాను.

నాలుగు అడుగుల వరకు గునపం దిగింది కానీ, దిగినంత మేరా రాయి తగులుతూనే ఉంది. పిడికిలంత రాళ్లు ఎక్కువ, తలకాయంతవి కొన్ని, అన్నీ కోసుగా అంచులు తేలినవే. వాటి మధ్యనున్న మట్టి ఎర్రగా, చేతికి మెత్తగా ఉంది. సుమారు మూడు అడుగుల లోతులో జానెడు మందాన నల్లటి పట్టీ కనిపించింది. అందులో బొగ్గు ముక్కలు కూడా ఉన్నాయి. గుంతలో ఆరు బిందెల నీళ్లు పోస్తే గంట తిరగకుండానే ఇంకిపోయాయి. ఈ రాళ్లన్నీ ఏరించాలా? నీరు ఇంత వేగంగా పోయే నేలలో కాఫీ వేసవిని తట్టుకుంటుందా? నా దగ్గరున్న భూసార పరీక్ష కార్డులో ఎకరానికి ఇంత ఎరువు, ఇంత సున్నం అని రాసి ఉంది కానీ, సగం రాళ్లే ఉన్న భూమికి ఆ లెక్క అలాగే వర్తిస్తుందా అన్నది నా అసలు సందేహం.

జవాబు: మృత్తికాశాస్త్రం చదువుకున్న సభ్యుడు

మీ చివరి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది ఆ ప్రశ్న వేయరు. ప్రయోగశాలలో మట్టిని ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన మెత్తటి మట్టిని మాత్రమే పరీక్షిస్తారు. జల్లెడ మీద మిగిలిన గులక, రాయి లెక్కలోకి రావు. ఆ తరువాత ఎకరా విస్తీర్ణంలో పై ఆరు అంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుందన్న అంచనాతో మోతాదు కడతారు. మీ నేలలో మూడో వంతు రాయి ఉంటే, ఆ 9 లక్షల కిలోల మెత్తటి మట్టి అక్కడ లేదు, సుమారు 6 లక్షల కిలోలే ఉంది. కాబట్టి కార్డులో రాసిన అంకె తప్పు కాదు, దానిని మీ భూమికి సరిదిద్దుకోవలసిన పని మిగిలి ఉంది. ముఖ్యంగా సున్నాన్ని కార్డు ప్రకారం పూర్తిగా వేస్తే, ఉన్న కొద్ది మట్టికి అది అధికమవుతుంది.

అయితే సగం రాళ్లే అన్న మీ అంచనాను కొలిచి చూడమని కోరతాను. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత తవ్వితే దాని పరిమాణం 91 లీటర్లు. తవ్విన దానిని పట్టా మీద పోసి, రాళ్లను జల్లించి, కడిగి, అంచు వరకు నీళ్లు నింపిన బకెట్లో కొద్దికొద్దిగా ముంచుతూ పొర్లిన నీటిని కొలవండి. పొర్లిన నీళ్లన్నీ కలిపి 32 లీటర్లు దాటితే మీ నేలలో రాయి పరిమాణం 35 శాతం మించినట్లు. నేలల వర్గీకరణలో రాతిమయమైన నేల అని వేరు చేసే హద్దు అదే. తూకం వేసి చూడకండి, మోసపోతారు. రాయి మట్టికంటే రెట్టింపు బరువు కనుక, పరిమాణంలో 35 శాతం ఉన్న రాయి తూకంలో సగం పైగా కనిపిస్తుంది.

ఇక ఈ నేల ఎలా ఏర్పడిందో మీరు చెప్పిన గుర్తులే చెబుతున్నాయి. వాగు తెచ్చిన రాయి దొర్లి దొర్లి గుండ్రబడుతుంది, పరిమాణాల వారీగా పొరలు కడుతుంది. మీ గుంతలోని రాళ్లకు అంచులు ఉన్నాయి, చిన్నా పెద్దా కలగలిసి ఉన్నాయి. కాబట్టి అవి పై కొండ నుంచి వేల ఏళ్లుగా జారి, కొండ పాదం దగ్గర పేరుకున్నవి. నల్లటి పట్టీ ఒకప్పటి నేల ఉపరితలం అయి ఉంటుంది. ఎప్పుడో మంట పడిన ఆ నేల మీద తరువాత జారిన మట్టి, రాయి కప్పుకున్నాయనడానికి బొగ్గు ముక్కలు ఆధారం. మీ వైపు కొండలలో ఎక్కువగా కనిపించే రాతికి భూగర్భశాస్త్రంలో ఖొండలైట్ అని పేరు, అది ఖోండు తెగ పేరు మీద పెట్టినదే. అందులోని గార్నెట్ ఖనిజంలో ఉన్న ఇనుము తుప్పు పట్టడం వల్ల మట్టికి ఆ ఎరుపు వస్తుంది, ఫెల్‌స్పార్ అనే ఖనిజం శిథిలమై బంకమట్టి అవుతుంది.

ఆ ఎరుపు మరొక విషయం కూడా చెబుతుంది. నీరు నిలిచే నేలలో గాలి అందక ఇనుము కరిగి, మట్టి బూడిద రంగుకో నీలి ఛాయకో తిరుగుతుంది. గెడ్డ పక్కన మీ వరి మడిలో రెండు అడుగులు తవ్వి చూడండి, ఆ రంగే కనిపించవచ్చు. గరువులో నాలుగు అడుగుల వరకు మచ్చలేని ఎరుపు ఉంటే, ఏ వానాకాలంలోనూ అక్కడ వేరు మునగలేదని అర్థం. కాఫీకి, మిరియాలకు, అల్లానికి అంతకంటే కావలసింది లేదు, ఎందుకంటే ఆ మూడూ నీరు నిలిస్తే కుళ్లే పంటలే.

వేసవి సంగతి లెక్క వేసి చూద్దాము. రాయి లేని ఇటువంటి మెత్తటి మట్టి మీటరు లోతులో మొక్కకు అందే నీటిని సుమారు 130 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుందనుకుంటే, 35 శాతం రాయి ఉన్నప్పుడు అది 85 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. నీడలో ఉన్న తోట రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు వాడుకుంటే, అది మూడు నుంచి నాలుగు వారాల నిల్వ. కానీ మీ నేల లోతైనది. వేరు మీటరున్నర వరకు దిగగలిగితే నిల్వ 127 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే మీటరు లోతున్న రాయి లేని నేలతో దాదాపు సమానం. రాయి తీసుకున్న దానిని లోతు తిరిగి ఇస్తోంది. ఇదే రాయి రెండు అడుగుల లోతు నేలలో ఉండి, కింద బండ తగిలి ఉంటే, కాఫీ వద్దనే చెప్పేవాడిని.

ఒక చిన్న పరీక్ష కూడా చేయండి. నాలుగైదు రాళ్లను సుత్తితో పగలగొట్టండి. లోపల కూడా ఎర్రబడి, చేత్తో నలిపితే రాలే రాయి తానూ కొంత నీటిని పీల్చుకుంటుంది, మెల్లగా పోషకాలూ ఇస్తుంది. తెల్లగా మెరిసే పలుగురాయి రెండూ చేయదు.

జవాబు: చింతపల్లి వైపు కాఫీ రైతు

పై సభ్యులు చెప్పిన లెక్కలతో నాకు విభేదం లేదు కానీ, వేరు మీటరున్నర దిగుతుందన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. అరబికా కాఫీ ఆహారం తీసుకునే వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగులోనే ఉంటాయి. తల్లివేరు లోతుకు పోవాలంటే మొదటి అడుగున్నరలో దానికి అడ్డు ఉండకూడదు. నాటిన గుంత అడుగున రాయి తగిలి తల్లివేరు వంకర తిరిగిన మొక్క రెండు మూడేళ్లు పచ్చగానే ఉండి, మొదటి గట్టి కాపుకు, గట్టి ఎండకు ఒకేసారి లొంగిపోవడం నా తోటలోనే చూశాను. కాబట్టి నాటే గుంతలోని పిడికిలి పరిమాణం మించిన రాళ్లను తప్పనిసరిగా తీయండి. గుంతను పై పొర మట్టితో, చివికిన పశువుల ఎరువుతో నింపండి. గుంతల మధ్యనున్న నేలను మాత్రం కదపవద్దు.

పైన పరచుకుని ఉన్న రాళ్లన్నీ ఏరి అవతల పారేయాలన్న ఆలోచన మానుకోండి. చినుకు దెబ్బకు మట్టి లేవకుండా కాపాడేది అవే, ఎండలో కింది తడి ఆరకుండా చూసేదీ అవే. మరీ అడ్డుగా ఉన్న వాటిని వాలుకు అడ్డంగా, సమమట్టంలో మోకాలెత్తు రాతి గట్లుగా పేర్చుకుంటే, కొట్టుకువచ్చే మట్టి నాలుగైదు వానాకాలాలలో గట్టు వెనుక చేరి మెట్టు కడుతుంది. ఉపాధి హామీ పనులలో మా చుట్టుపక్కల పేర్చిన గట్ల వెనుక ఇప్పుడు పసుపు పండిస్తున్నారు.

ఎరువు సంగతి. నీరు జారే నేలలో నత్రజని, పొటాష్ నీటితోపాటే జారిపోతాయి. ఏడాది మోతాదును ఒకేసారి వేసి చేతులు దులుపుకుంటే సగం గెడ్డకు చేరుతుంది, దానికి మీ వరి సంతోషించవచ్చు గానీ కాఫీకి దక్కదు. మూడు నాలుగు విడతలుగా, భారీ వానలు కురిసే వారాలు తప్పించి వేయండి. భాస్వరం అలా జారదు. ఆమ్లత ఉన్న ఎర్రమట్టిలోని ఇనుము దానిని పట్టేసుకుంటుంది, అందుకని వేరు దగ్గర ఎరువుతో కలిపి వేస్తే మేలు. వీటన్నిటికంటే ముఖ్యం ఆకు రాలు. నీడ చెట్ల ఆకును ఊడ్చి కాల్చకుండా మొక్క చుట్టూ అలాగే ఉంచితే, రాతి నేలకు లేని నీటి సంచిని మీరే కుట్టి ఇచ్చినట్లు.

జవాబు: నార్త్ కరోలినాలో ఉంటున్న సభ్యురాలు

నేను వ్యవసాయదారును కాను, పర్వత ప్రాంతాలలో రోడ్లు, కట్టడాల పునాదులు పరిశీలించే ఉద్యోగం నాది. మీరు వర్ణించిన నేల లాంటిదే ఇక్కడి బ్లూ రిడ్జ్ పర్వతాల లోయ మొదళ్లలోనూ ఉంది. అమెరికా నేలల సర్వేలో టస్క్విటీ అనే పేరుతో నమోదైన నేల కూడా పై కొండ నుంచి జారి పేరుకున్నదే, చాలా లోతైనది, నీరు నిలవనిది. అటువంటి చోట్ల అడవి అద్భుతంగా పెరుగుతుంది.

నా మాట మీ నల్లటి పట్టీ గురించి. మీ పొలం ఒకప్పుడు జారి వచ్చిన మట్టి అన్నదానికి అది సాక్ష్యమైతే, మళ్లీ జారవచ్చన్న సూచన కూడా అందులోనే ఉంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అపలాచియన్ పర్వతాలలో కుండపోతగా కురిసినప్పుడు రెండు వేలకు పైగా చోట్ల కొండచరియలు విరిగాయి. మామూలు వానను సులభంగా దించే నేలే, ఎడతెరిపి లేని వానకు కింది బండ మీద నీరు చేరి ఒక్కసారిగా కదులుతుంది. 2014లో హుద్‌హుద్ మీ కొండలను ఎలా తాకిందో మీకే బాగా తెలుసు. కాబట్టి దారి కోసమో, కాఫీ పండ్లు ఆరబెట్టే కళ్లం కోసమో వాలు మొదలును నిలువుగా కోయవద్దు. పై నుంచి రెండు వాలులు కలిసి గాడిలా దిగే చోటు ఉంటే, అక్కడ షెడ్డు గానీ ఇల్లు గానీ కట్టవద్దు, చెట్లనే ఉండనివ్వండి.

ప్రశ్నించినవారి మలిమాట: గెడ్డవార రైతు

అందరికీ కృతజ్ఞతలు. గత ఆదివారం నేను, మా అన్నయ్య కలిసి కొలిచాము. గరువు మధ్యలో 34 లీటర్ల నీళ్లు పొర్లాయి, అంటే రాయి 37 శాతం. పై అంచున తవ్విన రెండో గుంతలో 51 లీటర్లు పొర్లాయి, అక్కడ మూడు అడుగులకే గునపం ఖంగున మోగింది. పగలగొట్టిన రాళ్లలో మూడు వంతులు చేత్తో నలిగేవే. వరి మడిలో రెండు అడుగుల కింద మట్టి నిజంగానే బూడిద రంగులో ఉంది. ఇన్నేళ్లుగా ఆ మట్టిలోనే నడుస్తున్నా, ఆ రంగుకు కారణం ఉంటుందని అనుకోలేదు.

ఈ వానలకు మధ్య భాగంలో మాత్రమే కాఫీ నాటుతాము, కార్డులోని సున్నంలో మూడింట రెండు వంతులే వేస్తాము. పై అంచును వలిసెలకే వదిలేస్తున్నాము. కళ్లం కోసం మా అన్నయ్య కోయాలనుకున్నది సరిగ్గా రెండు వాలులు కలిసే చోటు. దానిని ఊరి వైపు పాత పశువుల పాక స్థలానికి మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు కానీ, అక్కడి నుంచి పండ్లు మోయవలసింది నేనేనని షరతు పెట్టారు.